పిల్లవాడు చూసేలోపే చెప్పెయ్యండి: బోయిన్‌పల్లి ఇంటిబడి చిట్కాలు

బడి మాన్పించేశారట. మంచి పని చేశారు. పొద్దున్నే ఏడింటికి వ్యాను హారన్, టిఫిను సగం నోట్లో సగం చొక్కా మీద, రెండో తరగతికే వీపు వంగిపోయే సంచీ, జూన్ వచ్చిందంటే ఫీజు కోసం బీరువాలో బంగారం వైపు చూపులు, ఇవన్నీ ఒక్క దెబ్బతో వదిలాయి. ఇక మీ అబ్బాయి చెట్టూ పుట్టా చూస్తూ, బొమ్మలు గీస్తూ, పాటలు పాడుకుంటూ, మంచి అలవాట్లతో పెరుగుతాడు. వినడానికి ఎంత బాగుందో!

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఎవరూ ముందుగా చెప్పరు. బడి మానేసిన పిల్లవాడికి తీరిక దొరుకుతుంది. తీరిక దొరికినవాడు కిటికీలోంచి చూస్తాడు. చూసినవాడు అడుగుతాడు. అడిగినదానికి మీ దగ్గర జవాబు ఉండదు. బడిలో ఈ బెడద లేదు. అక్కడ నలభై ఐదు నిమిషాలకోసారి గంట కొట్టి ప్రశ్నని మధ్యలోనే తుంచేస్తారు. ఇంట్లో ఆ గంట మీరే అవ్వాలి. అందుకే ఈ చిట్కాలు. అన్నిటికీ మూలం ఒకటే: పిల్లవాడు దేన్నైనా తన కళ్ళతో చూసేలోపే అదేమిటో మీరు చెప్పెయ్యాలి. కాస్త ఆలస్యం చేశారో, చూసేస్తాడు.

గది ఏర్పాటు

వెనక బెడ్‌రూము ఖాళీ చేసి క్లాస్‌రూము చెయ్యండి. తెల్లబోర్డు, మార్కర్లు, మెడలో ఐడీ కార్డు తప్పనిసరి. తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా అమ్మని మేడమ్ అనే పిలవాలి. నాన్నగారు ప్రిన్సిపల్, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కంప్లయింట్లు పోగుచేసి ఉంచాలి. నెలకోసారి పేరెంట్స్ మీటింగ్ పెట్టుకోండి. మేడమూ పేరెంటూ ఒక్కరే కాబట్టి మాటా మాటా పెరగదు. నానమ్మని మాత్రం ఆ గది ఛాయలకి రానివ్వద్దు. పాఠం మధ్యలో ఆవిడ కథ మొదలుపెడుతుంది, వాడు వినేస్తాడు.

షార్లెట్ మేసన్‌గారిని సరిదిద్దుకోవడం

ఇంటిబడి వాళ్ళు తరచుగా తలుచుకునే పెద్దావిడ ఒకరున్నారు, ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923). 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ అనే పుస్తకం వేశారు. 1892లో ఆంబుల్‌సైడ్ అనే చిన్న ఊళ్ళో, పిల్లలకి ఇళ్ళలో చదువు చెప్పే ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టారు. చిన్నపిల్లలకి పాఠం పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలన్నారు. మిగతా పొద్దులో వీలైనంత ఆరుబయటే గడపాలన్నారు. మంచి పుస్తకం ఒక్కసారి చదివి వినిపిస్తే పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. చూసిన ఆకునీ పురుగునీ నోటు పుస్తకంలో తన చేత్తోనే వేసుకోవాలి. ఒక్కో చిత్రకారుడి బొమ్మల్ని కొన్నాళ్ళపాటు నింపాదిగా చూడాలి. మంచి అలవాట్లని ఒక్కొక్కటిగా నాటాలి.

ఆవిడకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు, పక్క ఫ్లాటు వాళ్ళబ్బాయి ఒలింపియాడ్ ర్యాంకు ఆవిడ చెవిన పడలేదు. కాబట్టి పావుగంట పాఠాన్ని మీరు గంటన్నర చేసుకోండి. ‘ఆరుబయట’ అన్న ప్రతిచోటా బాల్కనీ అని చదువుకోండి. డాఫొడిల్ పువ్వు, రాబిన్ పిట్ట, ఓక్ చెట్టు, మంచు, వీటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టు దింపుకోవాలి. అంత డబ్బు పోసి కొరియర్‌లో ఇంటిబడి కిట్టు తెప్పించింది వాటికోసమే కదా. డిసెంబరు పేజీలో దూదితో మంచు అంటించాలని అందులో ఉంటే అంటించాల్సిందే. బోయిన్‌పల్లిలో డిసెంబరంటే స్వెట్టరు తొడుక్కుని ఉప్పద్దుకుని ఉసిరికాయలు తినే నెల అని వాడికి తెలిసినా సరే.

మన కార్తెల జోలికి పోకండి. ఏడాదిని 27 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి పదమూడు పద్నాలుగు రోజులు పెట్టి, ఏ ముక్కలో ఏ గాలి వీస్తుందో, ఏ విత్తు పడాలో, ఏ పురుగు బయటికొస్తుందో చెప్పే లెక్క అది. జూన్ చివరలో ఆరుద్ర కార్తె వస్తుంది. వానలు పడ్డాక, మన సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఇంకా సిమెంటు పడని జాగాల్లో ఎర్ర మఖమల్ తొడుక్కున్నట్టు ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుంటాయి. పిల్లవాడు ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, అది మళ్ళీ కాళ్ళు చాపేదాకా ఊపిరి బిగబట్టి, లెక్కపెడతాడు. ఎనిమిది వస్తాయి. పురుగులకి ఆరు కాళ్ళని మీరు నిన్ననే బట్టీ పట్టించారు. ఇప్పుడేం చేస్తారు? అది కీటకమే కాదని, సాలెపురుగుకీ తేలుకీ పిడుదుకీ చుట్టమని మీరెప్పుడు నేర్చుకోవాలి, ఎప్పుడు చెప్పాలి? తొలకరి పడగానే కిటికీలు మూసి, ట్యాబ్‌లో సీతాకోకచిలుకల వీడియో పెట్టెయ్యండి.

మార్కెట్ యార్డుకి ఎందుకు వెళ్ళకూడదు

బోయిన్‌పల్లిలో ఇంటిబడి నడపడంలో ఉన్న పెద్ద చిక్కు మార్కెట్ యార్డు. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరున్న ఈ టోకు కూరగాయల మార్కెట్‌కి రాత్రి నుంచే లారీలు, డీసీఎంలు వస్తుంటాయి. చేవెళ్ళ, వికారాబాద్, గజ్వేల్ వైపు నుంచి ఆకుకూరలు, వంకాయలు, బెండకాయలు. ఎండాకాలంలో ఇక్కడి టమాటా తగ్గితే మదనపల్లె టమాటా. ఆగ్రా వైపు నుంచి ఆలుగడ్డ. వాణ్ణి ఒక్కసారి తెల్లారుజామున అక్కడికి తీసుకెళ్ళారంటే నంబర్ ప్లేట్లు చదువుతూ రాష్ట్రాల పేర్లన్నీ నేర్చేసుకుంటాడు. హమాలీ వీపు మీది బస్తా ఎన్ని కిలోలు, అంత బరువుని ఆయన మోకాళ్ళు ఎలా వంచి ఎత్తుకుంటాడు, నిన్నటి ట్రే ధర ఇవాళ సగానికి ఎందుకు పడిపోయింది, రైతు చేతికిచ్చిన చీటీలో ఏమేం కోసుకున్నారు, ఇవన్నీ చెవిన పడతాయి. మూడో తరగతి వయసులోనే శాతాలు వచ్చేస్తాయి. ఇక మీ మ్యాథ్స్ వర్క్‌షీటుని వాడు లెక్కచేస్తాడా?

ముఖ్యంగా ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర అస్సలు ఆగనివ్వకండి. ఆవిడ కట్ట విప్పి చేతిలో పెడుతుంది. “ఏం బిడ్డా, గంగవాయిలి కూర గూడ తెల్వదా? మీ ఇంటి ముంగట గోడ సందుల గూడ మొలుస్తది, సూస్కో పో.” వాడు ఇంటికొచ్చి గోడ సందు వెతుకుతాడు. నిజంగానే ఉంటుంది. ఎర్రటి కాడ, గుజ్జుగా ఉండే చిన్న ఆకు, కడిగి నమిలితే పుల్లన. ఎండ ఎక్కాక పసుపు పువ్వు విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటేసరికి మూసుకుంటుంది. మరునాడు పొద్దున వాడు అక్కడే గొంతుక్కూర్చుని పువ్వు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తుంటాడు. మీరు ఒక్క ముక్క చెప్పకుండానే ఒక మొక్క వాడి సొంతమైపోయింది. అంత డబ్బు పోసిన కిట్టుకి ఇంతకన్నా అవమానం ఉందా?

యార్డులోనే కుళ్ళిన కూరగాయలతో కరెంటు తీసే ప్లాంటు కూడా ఉంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల పద్ధతి అది. రోజుకి 10 టన్నుల చెత్త, 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల దాకా జీవ ఇంధనం. 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా దీని గురించి మాట్లాడారు. ఈ పాఠం చెప్పడం తేలిక: ఏ మార్కెట్, ఏ నెల, ఎన్ని యూనిట్లు, మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, జీకే అయిపోయింది. పుచ్చిపోయిన టమాటాలోంచి మంట ఎలా పుడుతుందని అడిగితే మాత్రం మాట మార్చండి. గాలి తగలనిచోట సూక్ష్మజీవులు కుళ్ళుని తింటే మండే వాయువు వస్తుందని చెప్పారో, వాడు సీసాలో తొక్కలు కుక్కి మూతికి బెలూను తొడిగి వంటింటి కిటికీలో పెడతాడు. బెలూను ఉబ్బుతుంది కూడా. కానీ ఆ వాసనకి వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారు?

చెరువు, దోమ

పాత బోయిన్‌పల్లి పక్కనే హస్మత్‌పేట చెరువుంది. బోయిన్ చెరువు అని కూడా అంటారు. నడిచి వెళ్ళొచ్చు, అందుకే వెళ్ళకూడదు. ప్రకృతి అన్నాక టికెట్టుండాలి, పార్కింగుండాలి, కనీసం ఔటర్ రింగ్ రోడ్డు దాటాలి. వీకెండ్‌కి రిసార్టు బుక్ చేసుకుని, పచ్చిక మీద పిల్లవాణ్ణి చెప్పుల్లేకుండా నడిపించి ఫొటో తీస్తే నెలకి సరిపడా ప్రకృతి అయిపోతుంది. ఈ చెరువులో ఏముంటుంది? గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చి, మురుగు కలిసే నీళ్ళుంటే చాలు అల్లుకుపోయే మొక్క. దాని ఉబ్బిన కాడ అడ్డంగా కోస్తే లోపల గాలి గదులు కనిపిస్తాయి. అదెందుకు మునగదో వాడే చెప్పేస్తాడు, మీ సైన్సు పాఠం ఒకటి వృథా. దానికితోడు గట్టు మీద తీతువు ఒకటి గూడు దగ్గరికి రావద్దని నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. పిల్లలకి అలాంటి గొడవలు మంచివి కావు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది దోమ దగ్గర. మనం మామూలు చోట లేము. ఇక్కడికి కొద్ది దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న ఆనవాలు పట్టుకున్నాడు. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకుంటే దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు పెట్టిన భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది.

ఈ కథలో పిల్లవాడికి తేదీలు మాత్రమే చెప్పండి. అణా సంగతీ చెమట సంగతీ చెప్పారంటే వాడు నేరుగా డాబా మీదికి పోతాడు. ఎండాకాలం అయిపోయాక వదిలేసిన కూలర్ ట్యాంకులో నీళ్ళుంటాయి. గాజు గ్లాసుతో ముంచి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే దోమపిల్లలు కదులుతూ కనిపిస్తాయి. కొన్ని తల కిందికి పెట్టి, తోక దగ్గరి గొట్టం మాత్రం నీటి పైకి ఆనించి వేలాడుతుంటాయి. అవి క్యూలెక్స్, ఏడిస్ జాతులవి. నీటి మట్టానికి ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్, రాస్‌గారి దోమ. చేతి నీడ పడితే అన్నీ అడుక్కి మునిగిపోతాయి. ఊపిరి ఆడక కాసేపటికి మళ్ళీ పైకొస్తాయి. గోడ మీద వాలిన పెద్ద దోమనీ గుర్తుపట్టొచ్చు: అనాఫిలిస్ అయితే వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. మంచి ఎండల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. వారానికోసారి నీళ్ళు పారబోయమని మున్సిపాలిటీ వాళ్ళు ఎందుకు మొత్తుకుంటారో వాడికి ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది.

అక్కడితో ఆగితే బాగానే ఉండును. వాడు గ్లాసు పట్టుకుని కాలనీ అంతా తిరిగి, ఎవరి డాబా మీద ఏ జాతి పిల్లలున్నాయో పట్టిక వేసి, చివరికి అసోసియేషన్ ప్రెసిడెంటుగారి కూలర్ దగ్గర నిలబడి “అంకుల్, మీది ఏడిస్” అంటాడు. మీకు ఆ కాలనీలో ఉండాలని ఉందా లేదా? ‘దోమ చెడ్డది. దోమ వల్ల మలేరియా వస్తుంది. రాస్ కనిపెట్టాడు.’ మూడు వాక్యాలు మూడేసి సార్లు రాయించి, ప్లగ్గులో దోమల మందు పెట్టి తలుపేసుకోండి.

హస్మత్‌పేటలోనే ఇనుపయుగం నాటి సమాధులు కూడా ఉన్నాయి, చుట్టూ గుండ్రంగా బండరాళ్ళు పేర్చినవి. 1806లో సికింద్రాబాద్‌కి ఆ పేరు పడటానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఇక్కడ జనం చచ్చిపోయినవాళ్ళని పద్ధతిగా పూడ్చుకున్నారన్నమాట. చూపించక్కర్లేదు. సోషల్ పుస్తకంలో హరప్పా పాఠం ఉందిగా.

పత్రి కట్ట విప్పొద్దు

వినాయక చవితి ముందురోజు రోడ్డు పక్కన పత్రి కట్టలు అమ్ముతారు. కొనండి, విప్పకండి. విప్పితే మారేడు రెమ్మ ఒకటి, ఉత్తరేణి రెండు, జిల్లేడాకు ఒకటి, గరిక నాలుగు పోచలు వస్తాయి. మిగతాది వాన పడితే ఎక్కడబడితే అక్కడ మొలిచే పిచ్చిమొక్క. పుస్తకంలో 21 పేర్లు, చేతిలో ఏడెనిమిది ఆకులు. లెక్క కుదరదని వాడే పట్టుకుంటాడు. ఆ పైన మిగిలినవి వెతుకుదామని మొదలుపెడతాడు. రేగు చెరువు గట్టు మీద, మామిడి వెనకింట్లో, దానిమ్మ నాలుగో అంతస్తు ఆంటీ కుండీలో, వావిలి ఎక్కడా లేదు. మొన్న పార్కులో తన నిక్కరుకి అంటుకున్న ముళ్ళగింజలు ఉత్తరేణివేనని, ఎవరి బట్టలకో మేకల బొచ్చుకో అంటుకుని ఊళ్ళు తిరగడమే దాని బతుకుతెరువని తెలిసిపోతుంది. పూజ అయ్యేసరికి మధ్యాహ్నం రెండవుతుంది, ఉండ్రాళ్ళు చల్లారిపోతాయి. కట్టని కట్టగానే వినాయకుడి ముందు పెట్టి దణ్ణం పెట్టించండి. బతుకమ్మకి తంగేడు కోసం, గునుగు కోసం పొలాల గట్లు తిరగడం కూడా ఇలాంటి గొడవే. ప్లాస్టిక్ బతుకమ్మలు దొరుకుతున్నాయి, ఏటేటా తుడిచి వాడుకోవచ్చు.

కాకి మెడ

ఇప్పుడు కళలు. ముందు కాకితో మొదలుపెట్టండి, తేలిక. పిల్లవాడు కాగితం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం వెంటనే లేపండి. ఎదురుగా పిట్టగోడ మీద కాకి ఉంటుంది, వాడు దాన్ని చూసి మెడకి బూడిదరంగు వేస్తాడు. కాకి నలుపు. గోడ మీది అక్షరాల చార్టులో నలుపు, కథల పుస్తకంలో నలుపు, సామెతల్లో నలుపు. నల్ల క్రేయాన్ తీసుకుని ఆ బూడిదరంగు మీద మీరే గట్టిగా రుద్దెయ్యండి. వాడు గోడ వైపు చూపిస్తూ “అమ్మా, అటు చూడు” అంటే చూడకండి. చూశారంటే మీకూ మెడ బూడిదరంగే కనిపిస్తుంది. ఊరకాకికి మెడా రొమ్మూ అలాగే ఉంటాయని, ఒళ్ళంతా నల్లగా ఉండే బొంతకాకి వేరే పక్షని, ఇన్నేళ్ళు రోజూ పిట్టగోడ మీద చూస్తూ కూడా చూడలేదని తేలుతుంది. ఈ వయసులో ఆ ఇబ్బంది మీకెందుకు?

కాకి దాకా వచ్చినవాడు కోయిల దగ్గరా ఆగడు. ఎండాకాలం కాకి గూడు చుట్టూ కోయిల ఎందుకు తిరుగుతోంది, దాన్ని కాకి ఎందుకు తరుముతోంది, గూట్లో ఉన్న గుడ్లన్నీ కాకివేనా అంటాడు. (కూసేది మగకోయిల. ఆడది నల్లగా కూడా ఉండదు, మట్టిరంగు మీద తెల్ల చుక్కలు. ఈ సంగతి మన సినిమా కవులకీ చెప్పకండి.) సలీం అలీ 1931–32లో నిజాం రాష్ట్రమంతా తిరిగి పక్షుల సర్వే చేసి పెట్టాడు. ఒకసారి ఆయన చూశాడు కదా, మళ్ళీ మీవాడెందుకు చూడాలి? నగరంలో డెక్కన్ బర్డర్స్ అనే పక్షుల వాళ్ళున్నారు, 1980లో మొదలైన సంఘం. పొద్దున్నే చెరువుల మీదికి నడకకి వెళ్తారు. వాళ్ళతో పంపితే ఇంకేమైనా ఉందా? ఒక్క పిట్ట కోసం నోరు మూసుకుని నిలబడటం నేర్చుకుని వస్తాడు. మరీ పక్షి కావాలని ఏడిస్తే పంజరంలో రామచిలకని కొనివ్వండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. కేసైతే పౌరశాస్త్రం పాఠం కూడా కలిసొస్తుంది.

మ్యూజియంకి మాత్రం తప్పకుండా వెళ్ళండి. సాలార్‌జంగ్ మ్యూజియం రెండు గంటల్లో అయిపోవాలి. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర ఒక సెల్ఫీ, గడియారంలోంచి మనిషి బొమ్మ వచ్చి గంట కొట్టేటప్పుడు ఒక వీడియో. వాడు చెక్కబొమ్మ దగ్గర చిక్కుకుపోతాడు, చూసుకోండి. ముందు నుంచి చూస్తే గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. ఒకే మొద్దులో ఇద్దరు. వాడు ముందుకీ వెనక్కీ తిరుగుతాడు, పక్కకి వంగి ఒకరి మోచెయ్యి ఇంకొకరికి ఏమైందో వెతుకుతాడు. “పద పద, ఇంకా బోలెడు గదులున్నాయి” అని చెయ్యి పట్టి లాగెయ్యండి. పోయిన టికెట్టు డబ్బులు గదుల లెక్కనే కదా వసూలు కావాలి.

ఇంట్లో చేసే బొమ్మలకి కిట్టులో ‘అంకె ప్రకారం రంగు’ పుస్తకం వస్తుంది, 4 అన్నచోట నీలం. చేర్యాల బొమ్మలు గీసే నకాషీల సంగతి ఎత్తకండి. వాళ్ళు గుడ్డకి గంజీ సుద్దమట్టీ చింతగింజల జిగురూ పట్టించి, దాని మీద పురాణమంతా గీసుకుపోతారు. వంటింట్లో చింతగింజలు ఊరికే పడున్నాయని వాడికి తెలుసు. సంగీతానికి సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరున ప్రభుత్వ కళాశాలే ఉంది, అక్కడ సరళీ వరుసల నుంచి మొదలుపెడతారు. అంత ఓపిక ఎవరికి? ముందు స్టేజీ ఎక్కించండి. స్వరాలు తర్వాత అవే వస్తాయి.

కథ చెప్పాక

కథ పూర్తవగానే “ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు” అని వదిలేశారనుకోండి, కొంప మునిగినట్టే. వాడు రాజుగారిని పక్కన పెట్టి, మూడో పేరాలో ఒక్కసారి కనిపించిన గాడిద గురించే పది నిమిషాలు చెప్తాడు. అది ఎందుకు ఓండ్రపెట్టలేదో కారణం కూడా చెప్తాడు. మేసన్‌గారికి ఇదే కావాలి. మనకక్కర్లేదు. కథ మధ్యలోనే ఆపి ఆపి అడగండి: రాజు పేరేమిటి, రాజ్యం పేరేమిటి, ‘గాడిద’కి బహువచనం ఏమిటి. చివర్లో నీతి మీరే చెప్పెయ్యండి. పాత చందమామలు అటక మీద ఉంటే తాళం వెయ్యండి, అవి దొరికితే వాడు తనంతట తానే చదువుకుంటాడు.

అలవాట్లు

ఒక్కొక్కటిగా నాటాలంటే ఎప్పటికవుతుంది? ఫ్రిజ్ తలుపు మీద చార్టు పెట్టి, నిద్ర లేవడం నుంచి పడుకోవడం దాకా పాతిక అలవాట్లు ఒకే సోమవారం మొదలుపెట్టండి. ఒక్కోదానికి ఒక స్టార్ స్టిక్కరు. పది స్టార్లకి ఒక చాక్లెట్, వంద స్టార్లకి వీడియో గేమ్. నెల తిరిగేసరికి స్టిక్కరు లేనిదే పళ్ళు తోముకోడు. అదే క్రమశిక్షణ.

ఇందులో అసలు కిటుకు సమయంలో ఉంది. బయటి నుంచి రాగానే చెప్పులు స్టాండులో పెట్టడం అనే అలవాటు తీసుకోండి. వాడు వంగాడు, చెయ్యి చెప్పు దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, వేళ్ళు తగిలేలోపు, హాల్లోంచి “చెప్పులు!” అని అరవాలి. పెట్టేశాక అరిస్తే లాభం లేదు, తనే పెట్టాననుకుంటాడు. రోజూ ఇలా చేస్తే మీరు అరిస్తే తప్ప చెప్పు కదపడు. పాతికేళ్ళొచ్చినా అమ్మ గొంతు వినిపిస్తేనే మంచం దిగుతాడు, అప్పుడు చూసి మురిసిపోవచ్చు. అదే సమయంలో నాన్నగారి చెప్పుల్లో ఒకటి గుమ్మం బయటా ఇంకొకటి సోఫా కిందా ఉండొచ్చు, ఆయన భోజనం చేస్తూ ఎడమచేత్తో ఫోను తిప్పుతుండొచ్చు. చార్టు ప్రిన్సిపల్‌కి వర్తించదు.

చుట్టాలు, పరీక్షలు

పెళ్ళిళ్ళలో అడుగుతారు. “ఏ స్కూలమ్మా? ఏ క్లాసు?” ఇంట్లోనే చదువుకుంటున్నాడంటే రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత “ఏమైంది, ఆరోగ్యం బాగా లేదా?” అప్పుడు తడబడకుండా ఒక పెద్ద అంతర్జాతీయ పద్ధతి పేరు చెప్పెయ్యాలి. ఇంగ్లీషులో చెప్తే ఇంకా మంచిది. వెంటనే పిల్లవాడి చేత తొంభై ఏడో ఎక్కం అప్పజెప్పించాలి. పాపం వాడు ఆ సమయానికి షామియానా గుంజకి పట్టిన చీమల బారు వెనక పోతూ ఉంటాడు. పిలిచి లాక్కురండి.

ఇక చట్టం, సర్టిఫికెట్లు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి బడి హక్కు ఇచ్చింది, ఇంట్లో చదువు చెప్పుకునేవాళ్ళ గురించి విడిగా ఏమీ రాయలేదు. 14 నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాసుకోవచ్చు, ఐదు సబ్జెక్టులు చాలు. మన రాష్ట్రానిదే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. ఈ వివరాలు ముందే తెలుసుకుంటే కంగారు తగ్గిపోతుంది. కంగారు తగ్గితే పిల్లవాణ్ణి ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా నిమ్మళంగా చెట్లూ చీమలూ చూసుకోనిస్తారు. కాబట్టి తెలుసుకోవద్దు. రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో “మన పిల్లల భవిష్యత్తు ఏమిటి?” అని ఒక మెసేజ్ పడేసి, తెల్లారేదాకా జవాబులు చదవండి.

ఈలోగా, ఎందుకైనా మంచిది, పక్క ఫ్లాటు వాళ్ళబ్బాయి ఐఐటీ ఫౌండేషన్ కోర్సు ఫీజెంతో కనుక్కుని పెట్టుకోండి. అడ్వాన్సు మార్చిలోనే కట్టాలట. జూన్‌కి సీట్లు మిగలవు.